బెంజాల్డిహైడ్‌కి ఆల్డాల్ రాసి మార్కులు పోగొట్టుకున్నాను: కార్బోనిల్ చర్యలు అర్థమయ్యే దారి చెప్పండి

నీలి_నోట్‌బుక్ · రాత్రి 9.12

అందరికీ నమస్కారం. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు బీఎస్సీ రెండో ఏడాది. ఆల్డిహైడ్‌లు, కీటోన్‌ల పాఠం దగ్గర ఆగిపోయాను. చర్యల పేర్లన్నీ చార్ట్ మీద రాసి గోడకి అంటించుకున్నాను, మొత్తం 23. పొద్దున చదివితే సాయంత్రానికి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి.

పోయిన వారం ఇంటర్నల్‌లో బెంజాల్డిహైడ్‌ని గాఢ సోడియం హైడ్రాక్సైడ్‌తో కలిపితే ఏమవుతుందని అడిగారు. ఆల్డిహైడ్, క్షారం కనిపించగానే ఆల్డాల్ సంఘననం అని రాసేశాను. ఒక్క మార్కు కూడా రాలేదు. పక్కనమ్మాయి కానిజారో అని రాసింది. ఎలా తెలిసిందని అడిగితే ‘గుర్తుంది అంతే’ అంది.

పదాలతో ఇంకో ఇబ్బంది. సంకలనం, ప్రతిక్షేపణ, విలోపనం అని నేర్చుకున్నవి ఇక్కడ అడిషన్, సబ్‌స్టిట్యూషన్, ఎలిమినేషన్ అయ్యాయి. న్యూక్లియోఫైల్, ఎలక్ట్రోఫైల్ నిర్వచనాలు అప్పజెప్పగలను గానీ, చర్య చూపించి ఇందులో ఏది ఏదంటే చెప్పలేను. పరీక్షకి 3 వారాలే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ఓరుగల్లు_ఎమ్మెస్సీ · రాత్రి 9.40

చెల్లీ, ముందు ఆ చార్ట్ తీసి పక్కన పెట్టు. తెల్లకాగితం మీద ఒక్క సీ=ఓ, అంటే కార్బోనిల్ సమూహం, గీసి దాన్నే కాసేపు చూడు.

అక్కడ రెండు బంధాలున్నాయి. ఒకటి సిగ్మా. దాని ఎలక్ట్రాన్‌లు రెండు కేంద్రకాల మధ్య గీత మీదే ఉంటాయి, గట్టి బంధం. రెండోది పై. అది ఆ గీతకి పైనా కిందా పరుచుకుని ఉంటుంది, కాస్త వదులు. కార్బన్ ఎస్పీ2 సంకరీకరణంలో ఉంది కనుక దాని మూడు సిగ్మా బంధాలూ ఒకే తలంలో, సుమారు 120 డిగ్రీల కోణంలో ఉంటాయి. అంటే ఆ కార్బన్‌కి పైనుంచీ కిందనుంచీ దారి తెరిచే ఉంది.

ఇప్పుడు పాలింగ్ స్కేలు చూడు. రుణవిద్యుదాత్మకత కార్బన్‌కి 2.55, ఆక్సిజన్‌కి 3.44. అందుకే వదులుగా ఉన్న పై ఎలక్ట్రాన్‌లు ఆక్సిజన్ వైపు ఒరుగుతాయి. ఆక్సిజన్ మీద కొంచెం రుణావేశం, కార్బన్ మీద కొంచెం ధనావేశం ఏర్పడతాయి.

న్యూక్లియోఫైల్ అంటే ఒక ఎలక్ట్రాన్ జంట ఉండి, దాన్ని ఇవ్వడానికి ఎలక్ట్రాన్‌లు తక్కువైన చోటు వెతికేది. సయనైడ్, అమోనియా, గ్రిన్యార్ కారకంలో మెగ్నీషియం పక్కన ఉన్న కార్బన్, సోడియం బోరోహైడ్రైడ్ ఇచ్చే హైడ్రైడ్... ఇవన్నీ ఆ కార్బన్ దగ్గరికే వస్తాయి. కార్బన్‌కి ఐదో బంధం కుదరదు కాబట్టి పై బంధం తెగి, ఆ జంట ఆక్సిజన్ మీదికి పోతుంది. తర్వాత ఆక్సిజన్ ఒక ప్రోటాన్ తీసుకుంటుంది. నీ 23 చర్యల్లో సగం దాకా ఇదే కథ.

పిప్పెట్_మాస్టారు · రాత్రి 10.05

బాగా చెప్పావు బాబూ. ముప్పై ఏళ్లకు పైగా జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. పిల్లలు తప్పటడుగు వేసే చోటు ఎప్పుడూ ఒకటే: బాణం ఎటు నుంచి ఎటు గీయాలో తెలియకపోవడం. అమ్మా, బాణం ఎప్పుడూ ఎలక్ట్రాన్ జంట ఉన్న చోట మొదలై, అది వెళ్లే చోట ఆగుతుంది. ధనావేశం ఉన్న చోటి నుంచి మొదలయ్యే బాణం గీశావంటే అక్కడే ఆగి మళ్లీ చూసుకో.

ఇంటర్‌లో సమ విచ్ఛిత్తి, విషమ విచ్ఛిత్తి అని చదివి ఉంటావు. బంధం తెగినప్పుడు చెరొక ఎలక్ట్రాన్ పంచుకుంటే సమం, ఫ్రీ రాడికల్స్ వస్తాయి. జంట మొత్తం ఒకరే తీసుకుంటే విషమం, అయాన్‌లు వస్తాయి. కార్బోనిల్ పాఠం దాదాపుగా విషమ విచ్ఛిత్తి పాఠమే. తెలుగు పదాలు వదిలెయ్యకు. విలోపనం అనగానే ఏదో బయటికి పోయిందని అర్థమైపోతుంది. పరీక్షలో ఎలిమినేషన్ అని రాయి, మనసులో విలోపనం అనే ఉంచుకో.

సీ=ఓలో ఆవేశం నిజంగా విడిపడి ఉందని చూపించే అంకెలు కొన్ని రాసుకో. బ్యూటేన్, ప్రొపనాల్ అనే ఆల్డిహైడ్ రెండింటి అణుభారం 58. బ్యూటేన్ సున్నాకి కాస్త కిందే, మైనస్ 0.5 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ప్రొపనాల్ 49 దగ్గర. అదే 58 ఉన్న ఎసిటోన్ 56 దగ్గర. 60 ఉన్న 1-ప్రొపనోల్ అయితే 97 దగ్గర. ధ్రువ అణువులు ఒకదాన్నొకటి లాక్కోవడం వల్ల కార్బోనిల్ సమ్మేళనాలు బ్యూటేన్ కంటే చాలా పైకి వెళ్లాయి. ఆల్కహాల్‌లో ఓహెచ్ ఉంది కనుక హైడ్రోజన్ బంధాలు కూడా తోడై ఇంకా పైకి వెళ్లింది.

నీలి_నోట్‌బుక్ · రాత్రి 10.31

మాస్టారూ, అన్నా, ధన్యవాదాలు. బాణం మాట చదివి పాత నోట్స్ తీసి చూశాను. నాలుగు చోట్ల తిరగేసి గీశాను.

ఒక సందేహం. ఆల్కీన్‌లో సీ=సీకి కూడా సిగ్మా, పై ఉన్నాయి కదా. అక్కడేమో హైడ్రోజన్ బ్రోమైడ్ కలిసేటప్పుడు ముందు ఎలక్ట్రోఫైల్ (ఎలక్ట్రాన్‌లు వెతుక్కునేది) వస్తుందని చెప్పారు. ఇక్కడ ముందు న్యూక్లియోఫైల్ అంటున్నారు. రెండూ పై బంధాలే అయినప్పుడు ఈ తేడా ఎందుకు?

ఓరుగల్లు_ఎమ్మెస్సీ · రాత్రి 10.44

ఈ ప్రశ్న అడిగావంటే పాఠం లోపలికి వచ్చేశావు. సీ=సీలో రెండు చివరలా కార్బన్‌లే, లాగడంలో ఇద్దరూ సమానం. ఎలక్ట్రాన్‌లు ఎటూ ఒరగవు. కాబట్టి బయటి నుంచి చూస్తే అది ఎలక్ట్రాన్‌ల గుంపు, ప్రోటాన్ లాంటివి దాని దగ్గరికి వస్తాయి. సీ=ఓలో గుంపంతా ఒక పక్కకే పోయింది. ఖాళీ అయిన పక్కకి న్యూక్లియోఫైల్ వస్తుంది.

ప్రోటాన్ ఇక్కడికి కూడా వస్తుంది, కాకపోతే ఆక్సిజన్ దగ్గరికి. ఆమ్లం ఉత్ప్రేరకంగా ఉన్న చర్యల్లో జరిగేది అదే. ఆక్సిజన్‌కి ప్రోటాన్ తగులుకుంటే అది ఎలక్ట్రాన్‌లని ఇంకా గట్టిగా లాగుతుంది, కార్బన్ ఇంకా ఖాళీ అవుతుంది. అప్పుడు నీరు, ఆల్కహాల్ లాంటి బలహీన న్యూక్లియోఫైల్‌లు కూడా వచ్చి చేరగలుగుతాయి.

ఈసెట్_రమణ · రాత్రి 10.52

నేనూ ఇదే పాఠం చదువుతున్నాను. కీటోన్ కంటే ఆల్డిహైడ్ చురుకైనది అని ఉంది. కారణం స్టెరిక్ అవరోధం (పక్క సమూహాల వల్ల ఇరుకు) అని ఒక గైడ్‌లో, ప్రేరక ప్రభావం (పక్క సమూహాలు ఎలక్ట్రాన్‌లని నెట్టడం, లాగడం) అని ఇంకో గైడ్‌లో రాశారు. ఏది రాయాలి?

ఓరుగల్లు_ఎమ్మెస్సీ · రాత్రి 11.03

నా ఉద్దేశంలో ముఖ్యమైనది స్టెరిక్ అవరోధమే. న్యూక్లియోఫైల్ చేరితే కోణం 120 నుంచి 109.5కి తగ్గుతుంది, సమూహాలు దగ్గరికి జరుగుతాయి. ఆల్డిహైడ్‌లో కార్బోనిల్‌కి ఒక పక్క హైడ్రోజనే, కీటోన్‌లో మిథైల్ లాంటి రెండు ఆల్కైల్ సమూహాలుంటే ఇరుకు ఎక్కువ.

పిప్పెట్_మాస్టారు · ఉదయం 6.20

ఇక్కడ నీతో పూర్తిగా ఏకీభవించను బాబూ. నీటితోనే పరీక్షించి చూద్దాం. ఆల్డిహైడ్‌ని నీళ్లలో కలిపితే నీటి అణువు సీ=ఓకి చేరి, ఒకే కార్బన్ మీద రెండు ఓహెచ్‌లు ఉన్న హైడ్రేట్ ఏర్పడుతుంది. ఇది సమతాస్థితి, వెనక్కీ వెళ్తుంది. ఫార్మాల్డిహైడ్ నీళ్లలో దాదాపు మొత్తం హైడ్రేట్‌గానే ఉంటుంది. మ్యూజియంలో జంతువుల నమూనాలు వేసే ఫార్మలిన్ సీసాలో విడి ఫార్మాల్డిహైడ్ అణువులు చాలా చాలా తక్కువ. ఎసిటాల్డిహైడ్‌కి వస్తే సగానికి అటూఇటూ. ఎసిటోన్‌లో అయితే వెయ్యి అణువుల్లో ఒకటో రెండో.

ఇంతవరకు నీ ఇరుకు వాదనతోనే సరిపెట్టవచ్చు. ఇప్పుడు క్లోరాల్ చూడు. ఎసిటాల్డిహైడ్‌లో మిథైల్ సమూహం మీది మూడు హైడ్రోజన్‌ల బదులు మూడు క్లోరిన్‌లు. హైడ్రోజన్ కంటే క్లోరిన్ చాలా పెద్దది. ఇరుకే కారణమైతే క్లోరాల్ నీటితో కలవడానికి ఇంకా మొండికెయ్యాలి. కానీ క్లోరాల్ హైడ్రేట్ ఎంత స్థిరమైనదంటే తెల్లటి స్ఫటికాలుగా సీసాలో నిలవ ఉంటుంది. క్లోరిన్‌లు ఎలక్ట్రాన్‌లని లాగేసి కార్బోనిల్ కార్బన్‌ని మరింత ఖాళీ చేశాయి, అదీ కారణం. ఆల్కైల్ సమూహాలు దీనికి వ్యతిరేకంగా ఎలక్ట్రాన్‌లని కొంచెం నెట్టి ఆ ఖాళీని పూడుస్తాయి. రమణా, రెండు కారణాలూ రాయి, క్లోరాల్‌ని ఉదాహరణగా ఇవ్వు.

ఓరుగల్లు_ఎమ్మెస్సీ · ఉదయం 7.48

ఒప్పుకుంటున్నాను మాస్టారూ. క్లోరాల్ హైడ్రేట్ చదివాను గానీ ఈ వాదనకి ఎప్పుడూ జోడించి చూడలేదు. రమణా, నా రాత్రి పోస్టుని మాత్రమే నమ్మొద్దు.

బల్క్‌డ్రగ్_షిఫ్ట్ · ఉదయం 8.15

హైదరాబాద్ పక్కన ఒక మందుల ఫ్యాక్టరీలో ఆర్‌అండ్‌డీలో పని చేస్తున్నాను. చెల్లీ, సమతాస్థితి మాట తేలిగ్గా తీసుకోకు. మా రోజువారీ పనంతా దాని చుట్టూనే.

ఆల్డిహైడ్‌కి ప్రైమరీ అమీన్ కలిపితే ముందు సంకలనం, తర్వాత నీరు విలోపనం, చివరికి ఇమైన్ అనే సీ=ఎన్ బంధం. దీన్నే షిఫ్ బేస్ అంటారు. చేరిన కొత్తలో 2 మోల్‌ల స్కేలులో ఒకటి పెట్టాను. టోలుయీన్ అనే ద్రావణిలో రిఫ్లక్స్ (ఆవిరిని చల్లబరిచి వెనక్కి పంపుతూ మరిగించడం), మామూలు కండెన్సర్. ఆరు గంటలైనా, చర్య ఎంత జరిగిందో చూపే టీఎల్‌సీ పలకలో ఆల్డిహైడ్ మచ్చ అలాగే ఉంది. ఉత్ప్రేరకం తక్కువైందేమోనని ఆమ్లం ఇంకొంచెం వేశాను, పరిస్థితి ఇంకా పాడైంది. మా సీనియర్ వచ్చి చూసి ఒక్కటే అడిగారు, ‘నీళ్లు ఎటు పోతున్నాయి?’ అని. ఎటూ పోవడం లేదు, ఆవిరై పైకి వెళ్లి చల్లబడి మళ్లీ ఫ్లాస్కులోకే పడుతున్నాయి. పడి ఇమైన్‌ని వెనక్కి విడగొడుతున్నాయి. మర్నాడు కొత్త బ్యాచ్‌కి డీన్-స్టార్క్ ట్రాప్ పెట్టాం. టోలుయీన్‌తో పాటు ఆవిరైన నీరు ట్రాప్ అడుగున చేరుతుంది, టోలుయీన్ పైనుంచి తిరిగి వెళ్తుంది. 2 మోల్‌లకి 36 మిల్లీలీటర్ల నీరు రావాలి. 35 వచ్చేసరికి మచ్చ మాయమైంది.

ఆమ్లం ఎక్కువేస్తే ఎందుకు పాడైందో కూడా చెప్తాను, పరీక్షల్లో తరచుగా అడుగుతారు. ఆమ్లం లేకపోతే ఓహెచ్ సమూహం నీరుగా బయటికి పోలేదు. ఎక్కువైతే అమీన్‌కే ప్రోటాన్ తగులుకుని, ఇవ్వడానికి దాని దగ్గర ఎలక్ట్రాన్ జంట మిగలదు. అందుకే ఈ రకం చర్యలు పీహెచ్ 4, 5 దగ్గర బాగా సాగుతాయి. హైడ్రాక్సిలమైన్‌తో ఆక్సైమ్, హైడ్రజీన్‌తో హైడ్రజోన్, 2,4-డీఎన్‌పీతో వచ్చే పసుపు, నారింజ అవక్షేపం... అన్నీ ఇవే రెండు మెట్లు. నీ చార్ట్‌లో వీటికి ఒకే గడి చాలు.

నీలి_నోట్‌బుక్ · మధ్యాహ్నం 1.30

అన్నా, నా చార్ట్‌లో ఈ ఒక్క గడికి ఐదు వరసలు కేటాయించాను!

సయనైడ్ చేరే చర్య గురించి ఒకటి అడగాలి. మా నోట్స్‌లో హైడ్రోజన్ సయనైడ్‌తో ‘కొద్దిగా క్షారం’ అని ఉంది. ఇమైన్‌కి ఆమ్లం కావాలి, దీనికి క్షారం కావాలి. ఏది ఎక్కడో ఎలా గుర్తుంచుకోవాలి?

పిప్పెట్_మాస్టారు · సాయంత్రం 5.10

గుర్తుంచుకోవద్దు, వచ్చే న్యూక్లియోఫైల్ ఎవరో అడుగు. హైడ్రోజన్ సయనైడ్ బలహీన ఆమ్లం, దాని పీకేఏ (ఇది ఎంత పెద్దదైతే ఆమ్లం అంత బలహీనం) సుమారు 9.2. తనంతట తాను విడిపోయి సయనైడ్ అయాన్‌ని చాలా తక్కువగా ఇస్తుంది. ఒక చుక్క క్షారం వేస్తే సయనైడ్ అయాన్‌లు పెరుగుతాయి, చర్య వేగం అందుకుంటుంది. ఆమ్లం వేస్తే మందగిస్తుంది. ల్యాప్‌వర్త్ అనే ఆయన 1903లోనే ఈ చర్యని శోధించి, అసలు దాడి చేసేది సయనైడ్ అయానే అని చూపించాడు. అమీన్‌కి అయాన్ కావాల్సిన పని లేదు, దాని నైట్రోజన్ మీద జంట సిద్ధంగా ఉంది. అక్కడ ఆమ్లం కావలసింది నీటిని పంపించడానికి.

ఈ చర్య వెనక్కి కూడా నడుస్తుందని మన గోదావరి జిల్లాల వాళ్లకి పేరు తెలియకపోయినా పని తెలుసు. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులకి వెళ్లే కర్రపెండలంలో లినమారిన్ అనే పదార్థం ఉంటుంది. ఎసిటోన్‌కి హైడ్రోజన్ సయనైడ్ చేరితే వచ్చే సయనోహైడ్రిన్‌కి గ్లూకోజ్ అంటుకుని ఉన్న అణువు అది. దుంపని తురిమినా నలిపినా కణాలు చితికి, ఎంజైమ్ వచ్చి గ్లూకోజ్‌ని విడదీస్తుంది. మిగిలిన సయనోహైడ్రిన్ వెనక్కి నడిచి ఎసిటోన్‌గా, హైడ్రోజన్ సయనైడ్‌గా విడిపోతుంది. హైడ్రోజన్ సయనైడ్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అందుకే తొక్క తీయడం, నీళ్లలో నానబెట్టడం, ఉడికించడం, ఎండబెట్టడం. ఆ విషం నీళ్లతోనూ ఆవిరితోనూ బయటికి పోతుంది. పచ్చి దుంప ఎవరూ తినకూడదు, పిల్లలకి అసలు ఇవ్వకూడదు.

పసుపుకొమ్ము · సాయంత్రం 6.35

నేను కెమిస్ట్రీ చదివినదాన్ని కాదు, మా అమ్మాయి కోసం ఈ చర్చ చదువుతున్నాను. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా అవుతుంది కదా. అందులో కూడా ఈ కార్బోనిల్ ఉందా?

ఓరుగల్లు_ఎమ్మెస్సీ · రాత్రి 7.20

ఉందండీ, రెండున్నాయి. పసుపు రంగుకి కారణమైన కర్కుమిన్‌లో రెండు కార్బోనిల్‌లు, వాటి మధ్య ఒక కార్బన్. అటొకటి ఇటొకటి బెంజీన్ వలయాలు, వాటి మీద ఓహెచ్‌లు. అణువు పొడవునా ఏకబంధం, ద్విబంధం మార్చిమార్చి ఉండటం వల్ల రంగు వచ్చింది. సున్నం క్షారం. అది ఓహెచ్ మీది ప్రోటాన్‌ని లాక్కుంటే అణువు కాంతిని పీల్చుకునే తీరు మారి ఎరుపు కనిపిస్తుంది. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు వస్తుంది. అమ్మాయితో చేయించి చూడండి.

చెల్లీ, ఇది నీ ప్రశ్నకి కూడా పనికొస్తుంది. ప్రయోగశాలలో కర్కుమిన్ చేయాలంటే వెనిలిన్ రెండు అణువులు, ఎసిటైల్ ఎసిటోన్ ఒక అణువు కావాలి. కలిపేది ఆల్డాల్ రకం చర్యే. ఎసిటైల్ ఎసిటోన్‌లో మధ్య కార్బన్ మీది హైడ్రోజన్‌లు బాగా ఆమ్ల స్వభావం ఉన్నవి, ఊరికే వదిలేస్తే వెనిలిన్ అక్కడే అతుక్కుంటుంది. అందుకని బోరాన్ సమ్మేళనంతో ఆ మధ్య భాగాన్ని పట్టి ఉంచి, రెండు చివరల మిథైల్‌లే చర్యలో పాల్గొనేలా చేస్తారు.

నీలి_నోట్‌బుక్ · రాత్రి 8.02

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. ఆల్డాల్, కానిజారో. రెండింట్లోనూ ఆల్డిహైడ్, రెండింట్లోనూ క్షారం. హైడ్రాక్సైడ్ న్యూక్లియోఫైల్ అని చెప్పారు కదా, మరి రెండు చోట్లా కార్బోనిల్ కార్బన్ మీదికే ఎందుకు వెళ్లదు?

పిప్పెట్_మాస్టారు · రాత్రి 8.50

దీనికి తీరిగ్గా జవాబు రాస్తాను, నువ్వు కూడా కాగితం పెట్టుకుని చదువు.

హైడ్రాక్సైడ్ రెండు పనులు చేయగలదు. కార్బన్‌కి జంట ఇస్తే న్యూక్లియోఫైల్. హైడ్రోజన్‌కి జంట ఇచ్చి ప్రోటాన్‌ని లాక్కుంటే క్షారం. ఏ పని చేస్తుందో ఎదుటి అణువుని బట్టి ఉంటుంది.

కార్బోనిల్ కార్బన్‌కి ఆనుకుని ఉన్న కార్బన్ పేరు ఆల్ఫా. దాని మీది హైడ్రోజన్‌లు మామూలు సీ-హెచ్‌ల లాంటివి కావు. ఈథేన్ పీకేఏ సుమారు 50. ఎసిటోన్ ఆల్ఫా హైడ్రోజన్‌ది 20కి కాస్త లోపే. ముప్పై యూనిట్ల తేడా అంటే ఒకటి పక్కన ముప్పై సున్నాలు. ఇంత తేడా ఎందుకంటే, ప్రోటాన్ పోయాక మిగిలే రుణావేశాన్ని ఆల్ఫా కార్బన్ ఒక్కటే మోయదు. రెజోనెన్స్ వల్ల ఆక్సిజన్ కూడా పంచుకుంటుంది. ఆ అయాన్‌ని ఇనోలేట్ అంటాం.

ఎసిటాల్డిహైడ్‌కి విలీన క్షారం కలిపితే కొన్ని అణువులు ఇనోలేట్ అవుతాయి. ఇప్పుడు ఆ ఇనోలేటే కొత్త న్యూక్లియోఫైల్. దాని ఆల్ఫా కార్బన్ పక్కనున్న మరో ఎసిటాల్డిహైడ్ కార్బోనిల్ కార్బన్ మీదికి వెళ్తుంది. వచ్చేది 3-హైడ్రాక్సీబ్యూటనాల్. ఆల్డిహైడ్, ఆల్కహాల్ రెండూ ఉన్నాయి కనుక ఆల్డాల్. వేడి చేస్తే నీరు పోయి క్రోటోనాల్డిహైడ్ వస్తుంది. 1872లో ఫ్రాన్స్‌లో వర్ట్జ్, రష్యాలో బొరోదిన్ ఎవరికి వారు ఈ చర్యని గుర్తించారు. బొరోదిన్ వైద్యుడు, గొప్ప సంగీతకర్త కూడా.

ఇక బెంజాల్డిహైడ్. కార్బోనిల్ పక్కన ఉన్నది వలయంలోని కార్బన్, దాని మీద హైడ్రోజన్ లేదు. లాక్కోవడానికి ఆల్ఫా ప్రోటాన్ లేకపోతే ఇనోలేట్ లేదు, ఆల్డాల్ లేదు. నీ మార్కులు పోయింది ఇక్కడే. హైడ్రాక్సైడ్‌కి మిగిలింది కార్బోనిల్ కార్బన్ ఒక్కటే, అక్కడికే వెళ్తుంది. అలా ఏర్పడిన మధ్యస్థంలో ఆక్సిజన్ మీది జంట తిరిగి కార్బన్ వైపు వస్తే, బదులుగా ఒకటి బయటికి పోవాలి. హైడ్రాక్సైడ్ పోతే మొదటికి వచ్చినట్టే. కానీ పక్కన ఇంకో బెంజాల్డిహైడ్ ఉంటే హైడ్రోజన్ తన జంటతో సహా హైడ్రైడ్‌గా నేరుగా దాని కార్బోనిల్ కార్బన్ మీదికి దూకుతుంది. ఇచ్చిన అణువు బెంజోయేట్, తీసుకున్న అణువు బెంజైల్ ఆల్కహాల్. ఒకటి ఆక్సీకరణం, ఒకటి క్షయకరణం. 1853లో కానిజారో పొటాష్‌తో పొందినవి ఇవే రెండు.

హైడ్రైడ్ దూకడం కష్టమైన పని. అందుకే క్షారం గాఢంగా ఉండాలి. ఆల్ఫా హైడ్రోజన్ ఉన్నచోట ప్రోటాన్‌ని లాక్కోవడం దానికంటే ఎంతో తేలిక కనుక ఆల్డాలే ముందు జరుగుతుంది.

ప్రశ్న చూడగానే పేరు తలచుకోవద్దు. ఆల్ఫా కార్బన్ మీద వేలు పెట్టి హైడ్రోజన్‌లు లెక్కపెట్టు.

ఈసెట్_రమణ · రాత్రి 9.05

ఫార్మాల్డిహైడ్‌కి ఆల్ఫా కార్బనే లేదు. అంటే అదీ కానిజారోయే?

పిప్పెట్_మాస్టారు · రాత్రి 9.11

అవును. ఇంకో మాట. ఫార్మాల్డిహైడ్‌ని, బెంజాల్డిహైడ్‌ని కలిపి గాఢ క్షారం వేస్తే ఎప్పుడూ ఫార్మాల్డిహైడే హైడ్రైడ్‌ని ఇచ్చేది, అదే ఫార్మేట్ అవుతుంది. ఎందుకో పొద్దున రాసిన హైడ్రేట్ పోస్టులోనే ఉంది. హైడ్రాక్సైడ్‌ని అన్నిటికంటే తేలిగ్గా చేర్చుకునేది అదే.

బల్క్‌డ్రగ్_షిఫ్ట్ · రాత్రి 9.40

మాస్టారు చెప్పినవి రెండూ ఒకే పాత్రలో జరిగే చర్య ఒకటుంది. ఎసిటాల్డిహైడ్ ఒక భాగం, ఫార్మాల్డిహైడ్ నాలుగు భాగాలు, క్షారం. వచ్చేది పెంటాఎరిత్రిటోల్, సీ5హెచ్12ఓ4, గోడలకి, తలుపులకి వేసే ఆల్కిడ్ పెయింట్ల తయారీకి కావలసిన ముడిసరుకు. 1891లో దీన్ని మొదట ప్రకటించిన వాళ్లలో, ఆల్డిహైడ్‌ని వెండి అద్దంతో గుర్తించే మీ పరీక్ష టోలెన్స్ ఒకరు.

చెల్లీ, నాలుగు ఫార్మాల్డిహైడ్‌లు ఎందుకో నువ్వే చెప్పు.

నీలి_నోట్‌బుక్ · రాత్రి 10.25

ప్రయత్నిస్తాను. ఎసిటాల్డిహైడ్‌లో ఆల్ఫా హైడ్రోజన్‌లు మూడు. ఒకటి పోతే ఇనోలేట్, అది ఒక ఫార్మాల్డిహైడ్ మీదికి వెళ్తుంది, హైడ్రోజన్ స్థానంలో సీహెచ్2ఓహెచ్ వస్తుంది. ఇంకా రెండు ఉన్నాయి కనుక ఇంకో రెండుసార్లు. మూడు ఆల్డాల్‌లకి మూడు ఫార్మాల్డిహైడ్‌లు.

ఇప్పుడు ఆల్ఫా హైడ్రోజన్‌లు లేవు! ఆల్డిహైడ్ మాత్రం మిగిలి ఉంది. కాబట్టి కానిజారో. నాలుగో ఫార్మాల్డిహైడ్ హైడ్రైడ్‌ని ఇచ్చి ఫార్మేట్ అవుతుంది, మన ఆల్డిహైడ్ ఆల్కహాల్ అవుతుంది. మధ్య కార్బన్ చుట్టూ నాలుగు సీహెచ్2ఓహెచ్‌లు. లెక్క కూడా సరిపోయింది, కార్బన్‌లు 5, ఆక్సిజన్‌లు 4.

ఇది రాస్తుంటే చేతులు వణికాయి. ఒక చర్య మధ్యలో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పకుండా కనుక్కోవడం నాకు ఇదే మొదటిసారి.

బల్క్‌డ్రగ్_షిఫ్ట్ · రాత్రి 10.30

ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

ఈసెట్_రమణ · రాత్రి 10.41

టోలెన్స్ పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా ల్యాబ్‌లో నాకు అద్దం రాలేదు, నల్లటి పొడి వచ్చింది. ఆల్డిహైడ్ ఉన్నట్టా, లేనట్టా?

పిప్పెట్_మాస్టారు · ఉదయం 6.05

ఉన్నట్టే, వెండి వచ్చింది కానీ గాజుకి అంటలేదు. పరీక్షనాళిక లోపల జిడ్డు ఉంటే అలాగే జరుగుతుంది. ముందు క్షారంతో కడిగి, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో బాగా తొలుచు. సారాయి దీపం మీద నేరుగా వేడి చేయకు, వేడి నీళ్ల బీకరులో కదపకుండా ఉంచు.

ఇది మాత్రం అందరూ చదవండి. టోలెన్స్ కారకాన్ని ఎప్పటికప్పుడు చేసుకోవాలి, మిగిలింది సీసాలో దాచకూడదు. నిలవ ఉంటే అందులో పేలే స్వభావం ఉన్న వెండి సమ్మేళనాలు ఏర్పడతాయి. పని కాగానే విలీన నైట్రిక్ ఆమ్లం కలిపి పారబోయండి. రేపు చూద్దామని ర్యాకు మీద పెట్టి వెళ్లిన పిల్లలని నేను బాగా కోప్పడేవాణ్ని. ఇప్పటికీ ఆ కోపం సరైనదే అనుకుంటాను.

ఇంకో రెండు సంగతులు, పరీక్షకి పనికొస్తాయి. బెంజాల్డిహైడ్ అద్దం ఇస్తుంది గానీ, ఆల్డిహైడ్‌లకి ఇంకో పరీక్ష అయిన ఫెహ్లింగ్ ద్రావణంతో ఎర్రటి అవక్షేపం ఇవ్వదు. ఫ్రక్టోజ్ కీటోన్ అయినా రెండు పరీక్షలూ ఇస్తుంది, ఎందుకంటే క్షారంలో ఇనోల్ రూపం మీదుగా ఆల్డిహైడ్ చక్కెరగా మారుతుంది. మన పూజ కర్పూరం కూడా కీటోనే, కానీ ఆల్డిహైడ్‌గా మారే ఆ దారి దానికి లేదు కనుక అద్దం ఇవ్వదు.

నీలీ, నీకు ఒకటి ఇస్తున్నాను. 2-మిథైల్‌ప్రొపనాల్ ఒక భాగం, ఫార్మాల్డిహైడ్ రెండు భాగాలు, క్షారం. నోట్స్ చూడకుండా రాయి.

నీలి_నోట్‌బుక్ · ఉదయం 7.15

బస్సులో రాస్తున్నాను మాస్టారూ. ఇది ఆల్డిహైడ్, ఆల్ఫా కార్బన్ మీద రెండు మిథైల్‌లు, ఒక్క హైడ్రోజన్. ఒక ఆల్డాల్, ఒక ఫార్మాల్డిహైడ్ ఖర్చు. తర్వాత ఆల్ఫా హైడ్రోజన్ లేదు కనుక రెండో ఫార్మాల్డిహైడ్‌తో కానిజారో. చివరికి 2,2-డైమిథైల్‌ప్రొపేన్-1,3-డయోల్, పక్కన ఫార్మేట్.

బాణాలు కూడా గీశాను. నాలుగూ ఎలక్ట్రాన్ జంట దగ్గరే మొదలయ్యాయి.

పిప్పెట్_మాస్టారు · ఉదయం 7.32

ఉత్పన్నాలు రెండూ సరైనవే. నీకు వచ్చిన డయోల్‌ని పరిశ్రమలో నియోపెంటైల్ గ్లైకోల్ అంటారు. బాణాలు మాత్రం నాలుగు చాలవమ్మా. ప్రోటాన్‌ని లాక్కునే మెట్టులోనే మూడు కావాలి: హైడ్రాక్సైడ్ నుంచి హైడ్రోజన్‌కి, సీ-హెచ్ బంధం నుంచి కార్బన్‌ల మధ్యకి, పై బంధం నుంచి ఆక్సిజన్ మీదికి. బస్సు దిగాక తీరిగ్గా గీసి ఫొటో పెట్టు, సాయంత్రం చూస్తాను.